పాత వాక్యూమ్ క్లీనరు వయస్సును గుర్తించుట ఎట్లు?

హొళగుంద, ఆలూరు, ఆదోని ప్రాంతములలో కమ్మరి కొలిమితిత్తిని ఎరిగిన పెద్దలు ఇప్పటికిని గలరు. తిత్తిని తెరచినపుడు గాలి లోనికి చొచ్చును. నొక్కినపుడు గొట్టము గుండ నిప్పు మీదికి పోవును. కమ్మరికి కావలసినది ఈ రెండవ పని. మొదటి పనిని వాడుకొని, గాలి వచ్చు దారిలో ఒక గుడ్డసంచిని అడ్డముంచినచో అదియే దుమ్ము తీయు యంత్రమగును. ఇరువదవ శతాబ్ది ఆరంభమున, విద్యుత్తు లేని ఇండ్లకై ఇంగ్లండు, అమెరికా దేశములలో అమ్మిన చేతి వాక్యూమ్ క్లీనర్లు పెక్కు ఇట్టి తిత్తులే. లేదా సైకిలు పంపును తిరగవేసినట్లుండు పొడవైన గొట్టపు పంపులు.

యంత్రము దుమ్మును లాగుచున్నదనుట వాడుకమాట. లోపల పీడనము తగ్గగా బయటి వాతావరణమే గాలిని లోనికి నెట్టును. దుమ్ము ఆ గాలి వెంట పోవును. వాతావరణ పీడనము సుమారు 10 మీటర్ల నీటిని నిలుపగలదు. నేటి మంచి గృహయంత్రము కలిగించు పీడనభేదము 2 మీటర్ల నీటికి సమానము. కావున వాక్యూమ్, అనగా శూన్యము, అను పేరు కొంత అతిశయోక్తియే.

ఇంగ్లండు ఇంజనీరు హ్యూబర్ట్ సెసిల్ బూత్ 1901లో పేటెంటు పొందిన యంత్రము గుఱ్ఱపుబండిపై వీధిలో నిలిచెడిది. దాని గొట్టములను కిటికీల గుండ ఇంటిలోనికి చేర్చెడివారు. చేతితో త్రిప్పదగిన విద్యుద్యంత్రమునకు దారి చూపినవాడు అమెరికాలోని కాంటన్ పట్టణములో ఊడ్చుపని చేయుచుండిన జేమ్స్ మరే స్పాంగ్లర్. ఆయనకు ఉబ్బసము. తివాచీల దుమ్ము భరింపలేక, 1907లో పంకా మోటారు, సబ్బుపెట్టె, చీపురుకఱ్ఱ, దిండు గలేబు కూర్చి యంత్రమును చేసెను. 1908 జూన్ 2న దానికి లభించిన పేటెంటు సంఖ్య 889823. ఆ హక్కులను కొనిన హూవర్ పేరే తరువాత లోకమంతట వ్యాపించినది. స్వీడనుకు చెందిన ఎలక్ట్రోలక్స్ సంస్థ 1921లో నేలపై జారు స్తంభాకార యంత్రమును తెచ్చినది.

పాత సామాను కొట్టులో ఇట్టి యంత్రమేదైన చిక్కినచో మొదట దానిపై గల రేకు పలకను చదువవలెను. అమెరికా పేటెంటు సంఖ్యలు 1911 ఆగస్టులో పది లక్షలకును, 1935 ఏప్రిల్‌లో ఇరువది లక్షలకును చేరినవి. పలకపై పదునాలుగు లక్షల సంఖ్య యున్నచో ఆ యంత్రము 1911కు ముందుది కాజాలదు. ఇంగ్లండులో 1915 వరకు సంఖ్యలు ఏటేటా మొదటి నుండి మొదలగుచుండెను గనుక సంఖ్య ప్రక్కన సంవత్సరము కూడ వ్రాసెడివారు. 1916 నుండి 100001తో ఎడతెగని వరుస ఆరంభమైనది. అయితే పేటెంటు తేది తయారీ తేది కాదు. యంత్రము అంతకంటె పాతది కాదని మాత్రమే అది చెప్పును. అమ్మువారు ఈ భేదమును మరచుట కలదు, ఒక్కొక్కపుడు కావలెననియే!

తరువాత అయస్కాంతమును తాకింపవలెను. ఇనుపరేకు దానిని అంటుకొనును, పోత అల్యూమినియము అంటుకొనదు. నల్లని లేక గోధుమరంగు పిడిని బొటనవ్రేలితో వేడెక్కువరకు రుద్దగా కార్బాలిక్ ఆమ్లపు వాసన వచ్చినచో అది బేకలైటు కావచ్చును. దానిని బేక్‌లాండ్ 1909లో లోకమునకు ప్రకటించెను. తీగ కొసను కూడ చూడవలెను. తొలినాళ్ళలో ఇండ్లలో దీపపు హోల్డరు తప్ప వేరు సాకెట్టు అరుదు. అందుచే మరచుట్టు కొస అమెరికాను, రెండు సూదుల బేయొనెట్ కొస ఇంగ్లండు పద్ధతిని సూచించును. కాని తీగను ఎవరైనను మార్చియుండవచ్చును గనుక ఈ సాక్ష్యము బలహీనము. ఇక 1982లో ఏర్పడిన యురేకా ఫోర్బ్స్ వారు ఇంటింటికి తిరిగి అమ్మిన యూరోక్లీన్ యంత్రములు మన పట్టణములలో కనబడును. అవి పాతబడినను పురావస్తువులు కావు.

అసలు అపాయము, పనిచేయునో లేదో చూతమని ప్లగ్గు పెట్టుటలో నున్నది. పలకపై 110 వోల్టులని యుండగా మన 230 వోల్టులిచ్చినచో మోటారు అతివేగముగ తిరిగి, చుట్టలు కాలిపోవును. వోల్టేజి సరిపోయినను ముప్పు తప్పదు. గుడ్డ అల్లిక క్రింది రబ్బరు దశాబ్దములలో గట్టిపడి పొడియగును, తొలి యంత్రములు పెక్కింటికి ఎర్తు తీగ లేదు, శరీరమంతయు లోహము. లోపలి తీగ ఆ లోహమును తాకినచో పట్టుకొనినవాని ప్రాణమునకే ముప్పు. పాఠశాలలో దీనిని చూపు ఉపాధ్యాయుడు ప్లగ్గును ముందే తీసివేయుట మేలు. నడిపి తీరవలెనన్నచో అర్హత గల ఎలక్ట్రీషియను మెగ్గరుతో పరీక్షించిన తరువాతనే నడుపవలెను.

తిత్తి యంత్రములకు ఈ భయము లేదు గాని, ఎండిన తోలును బలముగ తెరచినచో మడతల వద్ద చీలును. నికెలు పూతను ఇసుక కాగితముతో రుద్దరాదు. అక్షరములున్న రంగుపై మరల రంగు వేయరాదు. పాత సంచిని విప్పునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఆరుబయట విప్పవలెను.