టానిక్‌తో పెరగని రక్తం: వంశపారంపర్య రక్తహీనతకు సరైన డాక్టరును వెతుక్కోవడం ఎలా?

– నర్సింగ్ సూపరింటెండెంట్



బిడ్డ తెల్లగా పాలిపోయి, ఆటపాటల్లో నీరసపడితే మన ఇళ్ళలో "రక్తం తక్కువగా ఉంది" అంటారు. మందుల షాపులో ఐరన్ టానిక్ తెచ్చి తాపుతారు. ఖర్జూరం, బీట్‌రూట్, మేక కార్జం పెడతారు. చాలామంది పిల్లలకు కారణం తిండిలో ఇనుము చాలకపోవడం, లేదా కడుపులో పురుగులు. వారికి టానిక్, పురుగుల మాత్ర సరిపోతాయి.

కానీ కొందరు బిడ్డలకు ఎన్ని సీసాలు తాపినా రక్తం పెరగదు. అమ్మానాన్నలు ఒక డాక్టరు దగ్గర నుండి మరొక డాక్టరు దగ్గరికి తిరుగుతూనే ఉంటారు. పసరు మందులు, తాయెత్తులు కూడా అయిపోతాయి. ఈలోగా బిడ్డ ఎదుగుదల ఆగిపోతుంది. ఇలాంటి బిడ్డకు లోపం తిండిలో ఉండదు, పుట్టుకతోనే ఎర్ర రక్తకణంలో ఉంటుంది. దానికి వేరే డాక్టరు, వేరే పరీక్ష, వేరే మందు కావాలి. వాటిని వెతుక్కునే దారి ఏమిటో ఈ నెల తెలుసుకుందాం.

ఎర్ర కణంలో లోపం అంటే ఏమిటి?

మన రక్తంలోని ఎర్ర కణాలు ఊపిరితిత్తుల నుండి ప్రాణవాయువును ఒళ్ళంతా మోసుకుపోతాయి. ఆ పని చేసేది వాటిలోని హీమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్న ఎర్ర కణం సుమారు 120 రోజులు బతుకుతుంది. వంశపారంపర్య జబ్బుల్లో అది సరిగా తయారు కాదు, లేదా త్వరగా చితికిపోతుంది. వీటిలో ముఖ్యమైనవి నాలుగు.

1. తలసేమియా: హీమోగ్లోబిన్ తగినంత తయారు కాదు. తీవ్రమైన రకాన్ని తలసేమియా మేజర్ అంటారు. బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. 6 నెలల నుండి 2 ఏళ్ళ లోపల పాలిపోవడం మొదలవుతుంది.

2. సికిల్ సెల్: కణాలు కొడవలి ఆకారంలో వంగి, సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి. అందువల్ల ఎముకల్లో, కడుపులో భరించలేని నొప్పులు వస్తాయి. మన రాష్ట్రంలో ఇది పాడేరు వైపు ఏజెన్సీ గిరిజనుల్లో ఎక్కువ. అయితే మిగిలినవారికి రాదని అనుకోకూడదు.

3. స్ఫిరోసైటోసిస్: కణాలు బంతిలా గుండ్రంగా మారి ప్లీహంలో చితికిపోతాయి. తరచుగా కామెర్లు, చిన్న వయసులోనే పిత్తాశయంలో రాళ్ళు వస్తాయి.

4. జి6పిడి లోపం: మామూలుగా బిడ్డ బాగానే ఉంటుంది. కొన్ని మందులు పడినప్పుడు ఒక్కసారిగా కణాలు పగిలి మూత్రం ముదురు రంగులో వస్తుంది. మలేరియాకు ఇచ్చే ప్రైమాక్విన్ అటువంటిదే. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు కూడా ఈ బిడ్డలకు హాని చేస్తాయి. పసిబిడ్డల బట్టల్లో వాటిని వేయకండి.

ఎప్పుడు అనుమానించాలి?

* టానిక్ సరిగా తాపినా ఒకటి రెండు నెలల్లో హీమోగ్లోబిన్ పెరగకపోతే,
* కడుపు ఎడమవైపు బల్ల పెరిగితే, అంటే ప్లీహం ఉబ్బితే,
* కళ్ళు మాటిమాటికి పచ్చబడుతుంటే,
* నుదురు, చెంప ఎముకలు ముందుకు వచ్చి ముఖం మారుతుంటే,
* రెండేళ్ళ లోపే రక్తం ఎక్కించవలసి వస్తే,
* ఆ ఇంట్లో లేదా దగ్గరి చుట్టాల్లో ఇదే విధంగా రక్తం చాలక పిల్లలు పోయి ఉంటే.

వీటిలో ఒక్కటి ఉన్నా ఇంకో సీసా టానిక్ కొనవద్దు. పరీక్ష చేయించండి.

రక్తం ఎక్కించక ముందే పరీక్ష

ఇది అందరూ గుర్తుంచుకోవలసిన మాట. మొదటి పరీక్ష సి.బి.సి. అంటే కణాల లెక్క, వాటి పరిమాణం. దీనితో పాటు కణాల ఆకారం సూక్ష్మదర్శినిలో చూడాలి. శరీరంలో ఇనుము ఎంత ఉందో తెలిపేది ఫెరిటిన్ పరీక్ష. కణాలు చిన్నవిగా ఉండి, ఇనుము మాత్రం చాలినంత ఉంటే తలసేమియాను అనుమానించాలి.

దాన్ని ఖాయం చేసేది హెచ్.పి.ఎల్.సి. అనే పరీక్ష. ఇది ఏ రకం హీమోగ్లోబిన్ ఎంత శాతం ఉందో చెబుతుంది. రక్తం ఎక్కించిన తరువాత ఈ పరీక్ష చేస్తే దాత రక్తం కలిసిపోయి ఫలితం తప్పుగా రావచ్చు. మళ్ళీ సుమారు మూడు నెలలు ఆగవలసి వస్తుంది. తలసేమియా బిడ్డకు అన్ని రోజులు రక్తం లేకుండా ఆగడం కుదరదు. కనుక బిడ్డకు రక్తం రాసిన రోజునే "అమ్మా, ముందు పరీక్షకు కొంచెం రక్తం తీసిపెడతారా?" అని నర్సును అడగండి. ఒకవేళ ముందే ఎక్కించి ఉంటే తల్లిదండ్రులిద్దరూ ఈ పరీక్ష చేయించుకోవాలి. దారి దానితోనే తెలుస్తుంది. అయితే ప్రాణం మీదికి వచ్చినప్పుడు పరీక్ష కోసమని రక్తం ఆపకూడదు.

ఏ డాక్టరు?

రక్తవ్యాధుల నిపుణుడిని హెమటాలజిస్టు అంటారు. బోర్డు మీద డి.ఎం. క్లినికల్ హెమటాలజీ అని ఉంటుంది. పిల్లలకైతే పీడియాట్రిక్ హెమటాలజిస్టు ఉంటారు. ల్యాబులో రిపోర్టు మీద సంతకం చేసే పాథాలజిస్టు జబ్బును గుర్తించడంలో సాయం చేస్తారు. కానీ వైద్యం నడిపేది హెమటాలజిస్టే.

ఒక విషయం ముందే చెబుతున్నాను. పెద్ద ఆస్పత్రుల్లో రక్తవ్యాధుల విభాగం, క్యాన్సర్ విభాగం పక్కపక్కనే, ఒక్కోసారి ఒకే బోర్డు కింద ఉంటాయి. ఆ బోర్డు చూసి "నా బిడ్డకు క్యాన్సరా?" అని ఏడ్చి వెనుదిరిగే తల్లులు ఉంటారు. భయపడకండి. తలసేమియా క్యాన్సర్ కాదు, అంటుజబ్బూ కాదు. ఇద్దరు డాక్టర్లూ చూసేది రక్తాన్నే కాబట్టి విభాగాలు కలిసి ఉంటాయి.

ఎక్కడికి పోవాలి?

మొదటి మెట్టు మీ పిల్లల డాక్టరు. సి.బి.సి. ఇక్కడే చేయించి, ఉత్తరం రాయించుకోండి. రెండో మెట్టు కడప సర్వజన ఆస్పత్రి, మనం రిమ్స్ అని పిలుచుకునేది. లేదా తిరుపతి రుయా. ఇవి వైద్య కళాశాలల ఆస్పత్రులు. పిల్లల విభాగం, బ్లడ్ బ్యాంకు రెండూ ఉంటాయి.

మూడో మెట్టు నిపుణులున్న కేంద్రం. మనవారికి బాగా తెలిసినది వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ ఆస్పత్రి. 1900లో డాక్టర్ ఐడా స్కడ్డర్ మొదలుపెట్టిన ఈ ఆస్పత్రిలో 1986 నుండి మూలుగు మార్పిడి చేస్తున్నారు. తిరుపతి నుండి రైలులో కాట్పాడిలో దిగి పోవచ్చు. 2022లో రాణిపేట వద్ద వారి కొత్త ప్రాంగణం తెరిచారు కాబట్టి, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే ఏ ప్రాంగణానికి రావాలో అడిగి తెలుసుకోండి. బెంగళూరుకు పోగలిగినవారికి సెయింట్ జాన్స్ ఆస్పత్రి ఉంది. హైదరాబాదులో 1998లో తలసేమియా పిల్లల తల్లిదండ్రులు, డాక్టర్లు కలిసి నడుపుకునే తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. అక్కడ రక్తం ఎక్కించడం, పరీక్షలు, సలహా దొరుకుతాయి.

"ప్రతి నెలా వేలూరు పోవాలంటే కూలి పని వదులుకోవాలి కదా సిస్టర్" అని అడుగుతారు. ప్రతి నెలా పోనక్కరలేదు. నిపుణుడు చికిత్స ఎలా సాగాలో కాగితం మీద రాసిస్తారు. రక్తం దగ్గరి ఆస్పత్రిలో ఎక్కించుకోవచ్చు. నిపుణుడిని వారు చెప్పిన గడువుకు, సాధారణంగా కొన్ని నెలలకు ఒకసారి, చూస్తే చాలు. ఆ గడువు మాత్రం తప్పకండి.

ఏమి తీసుకుపోవాలి, ఏమి అడగాలి?

ఒక నోటు పుస్తకం పెట్టండి. ఎప్పుడు రక్తం ఎక్కించారు, ఎన్ని మిల్లీలీటర్లు, ఎక్కించక ముందు హీమోగ్లోబిన్ ఎంత, బిడ్డ బరువు, ఎత్తు రాయండి. పాత రిపోర్టులు తేదీల వరుసలో కట్టండి. తల్లిదండ్రుల ఇద్దరి రిపోర్టులు, ఆధార్, రేషన్ కార్డు పెట్టుకోండి. వీలైతే తల్లి, తండ్రి ఇద్దరూ పోండి.

డాక్టరును ఈ ఐదు ప్రశ్నలు అడగండి.

1. జబ్బు పేరు ఏమిటి? ఏ రకం? కాగితం మీద రాసివ్వండి.

2. ఎన్ని వారాలకు ఒకసారి రక్తం కావాలి? తలసేమియా మేజర్‌కు సాధారణంగా 2 నుండి 4 వారాలకు ఒకసారి ఎక్కిస్తారు. హీమోగ్లోబిన్ 9 కంటే దిగిపోకుండా చూస్తారు. బిడ్డ పూర్తిగా సోలిపోయే వరకు ఆగితే గుండె దెబ్బతింటుంది.

3. ఇనుము తీసే మందు ఎప్పుడు మొదలుపెట్టాలి? ఒక్కో రక్తపు సంచిలో సుమారు 200 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. అది గుండెలో, కాలేయంలో, గ్రంథుల్లో పేరుకుంటుంది. రక్తం క్రమంగా ఎక్కించుకుంటూ ఈ మందు వాడని పిల్లలు యుక్తవయసులో గుండె జబ్బుతో చనిపోయే ప్రమాదం ఉంది. డెఫెరాసిరాక్స్, డెఫెరిప్రోన్ మాత్రలు, డెస్‌ఫెరాల్ ఇంజెక్షన్ ఇందుకే. డెఫెరిప్రోన్ వాడే బిడ్డకు జ్వరం వస్తే ఆ మాత్ర ఆపి వెంటనే తెల్ల కణాల లెక్క చేయించాలి. ఇటువంటి బిడ్డకు ఐరన్ టానిక్ తాపడం ఎంత హానో ఇప్పుడు మీకే అర్థమై ఉంటుంది.

4. మూలుగు మార్పిడి పనికివస్తుందా? తలసేమియాను మూలంతో పోగొట్టే చికిత్స ఇది. చిన్న వయసులో, కాలేయం పాడవక ముందు చేస్తే ఫలితం బాగుంటుంది. తోడబుట్టినవారి మూలుగు సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికం ఇళ్ళలో ఒక్కోసారి తల్లిదండ్రులదీ సరిపోవచ్చు. పరీక్ష చేయించి చూడాలి.

5. ఏ లక్షణం కనబడితే ఆ రాత్రే ఆస్పత్రికి పరుగెత్తాలి? సికిల్ సెల్ బిడ్డకు, ప్లీహం తీసేసిన బిడ్డకు జ్వరం వస్తే తెల్లవారే వరకు ఆగకూడదు.

నర్సుగా ఒక మాట. రక్తం ఎక్కించేటప్పుడు సంచి మీద బిడ్డ పేరు, గ్రూపు మీరూ చదవండి. మొదటి 15 నిమిషాలు బిడ్డ పక్కనుండి కదలకండి. చలి, వణుకు, దురద, నడుము నొప్పి, ఆయాసం, ఎర్రటి మూత్రం కనబడితే వెంటనే పిలవండి. మిమ్మల్ని ఎవరూ విసుక్కోరు.

ఖర్చు ఎలా?

2016 వికలాంగుల హక్కుల చట్టంలో తలసేమియా, సికిల్ సెల్ జబ్బులను చేర్చారు. కాబట్టి సర్టిఫికెట్టుకు అర్జీ పెట్టుకోవచ్చు. మన రాష్ట్రంలో 2020 జనవరిలో ఈ రోగులకు నెలకు 10,000 రూపాయల పెన్షన్ మొదలైంది. ఇప్పుడు పెన్షన్లు ఎన్టీఆర్ భరోసా పేరుతో ఇస్తున్నారు. అర్హత, కాగితాలు మీ సచివాలయంలో అడగండి. ఆస్పత్రికి పోయిన రోజే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటరులో కార్డు చూపించండి. ప్రభుత్వ బ్లడ్ బ్యాంకుల్లో ఈ పిల్లలకు రక్తం ఉచితంగా ఇవ్వాలని నియమం ఉంది. మూలుగు మార్పిడికి 2017లో కోల్ ఇండియా సంస్థ తలసేమియా బాల సేవా యోజన ప్రారంభించింది. అర్హులైన పిల్లలకు 10 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. దరఖాస్తు మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారానే పోతుంది.

సంఘంలోని యువకులు కూడా సాయపడగలరు. 18 ఏళ్ళు నిండి, బరువు, హీమోగ్లోబిన్ సరిపోయే మగవారు 3 నెలలకు, ఆడవారు 4 నెలలకు ఒకసారి రక్తం ఇవ్వవచ్చు. ఎండాకాలంలో బ్లడ్ బ్యాంకులు ఖాళీ అయినా ఈ పిల్లలకు రక్తం ఆగకూడదు.

పెళ్ళి మాటలకు ముందే

తల్లి, తండ్రి ఇద్దరూ ఆరోగ్యంగా కనబడుతూ తలసేమియా వాహకులై ఉండవచ్చు. అప్పుడు ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. "మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి తరువాత ముగ్గురికి రాదు" అనుకోవడం పొరపాటు. నాణెం ఎగరేసిన ప్రతిసారీ లెక్క కొత్తగానే మొదలవుతుంది. ఒక్కరే వాహకులైతే బిడ్డకు తలసేమియా మేజర్ రాదు.

మన వైపు మేనమామకు, అక్క కూతురికి, మేనత్త కొడుక్కి ఇచ్చి చేసుకోవడం మామూలే. అలా చేసుకున్నప్పుడు ఒకే జేజి నుండి, ఒకే అబ్బ నుండి దిగిన లోపం రెండు వైపుల నుండీ బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. బయటి సంబంధంలోనూ ఇది రావచ్చు కానీ తక్కువ. గుడిలో ప్రకటన చదివే సమయానికి బట్టలు కొని, కార్డులు అచ్చు వేసి ఉంటారు. అప్పుడు పరీక్ష అంటే ఎవరికీ మనసొప్పదు. కనుక మాట కలుపుకోక ముందే సి.బి.సి., హెచ్.పి.ఎల్.సి. చేయించండి. జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. బిడ్డకు తలసేమియా ఉన్నట్టు తెలిస్తే తల్లిదండ్రుల అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు కూడా చేయించుకోవాలి.

ఇప్పటికే పెళ్ళయి, ఇద్దరూ వాహకులని తెలిస్తే గర్భం నిలిచిన వెంటనే నిపుణులను కలవండి. 10 నుండి 12 వారాల మధ్య కడుపులోని బిడ్డకు పరీక్ష చేసే వీలుంది. ఫలితం వచ్చాక ఏమి చేయాలనేది ఆ భార్యాభర్తల నిర్ణయం. ఆలస్యమైతే ఆలోచించుకునే సమయం కూడా మిగలదు.

చివరిగా అత్తమామలకు ఒక మనవి. ఈ జబ్బు కోడలి "రక్తం మంచిది కాక" వచ్చింది కాదు, ఎవరి పాపఫలమూ కాదు. తలసేమియా మేజర్‌లో లోపం ఇద్దరి వైపు నుండీ సమానంగా వస్తుంది. తల్లిని నిందించే ఇంట్లో ఆ తల్లి ఒంటరిగా, బస్సు చార్జీకి కూడా వెతుక్కుంటూ, బిడ్డను ఎత్తుకొని తిరుగుతుంది. అలాంటి ఇంట్లోనే రక్తం గడువులు తప్పిపోతాయి. వేళకు రక్తం, ఇనుము తీసే మందు, మంచి నిపుణుడు దొరికిన పిల్లలు చదువుకొని, ఉద్యోగాలు చేసి, పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు.

మీ బిడ్డ రిపోర్టు అర్థం కాకపోయినా, ఉత్తరం కావలసినా, నర్సింగ్ ఆఫీసులో మమ్మల్ని అడగండి. పాత కాగితాలన్నీ వెంట తెచ్చుకోండి.