అధిపతి కోపం ఎవరి మీద?

యెరూషలేము గోడ సగం ఎత్తు లేచింది. చుట్టూ శత్రువులు. పనివాళ్లు ఒక చేత్తో పని చేస్తూ, మరో చేత్తో ఆయుధం పట్టుకుని ఉన్న రోజులవి. సరిగ్గా అప్పుడే జనం మొర పెట్టారు. ఆడవాళ్లు కూడా వచ్చారు. పొలాలు, ద్రాక్షతోటలు తాకట్టులో ఉన్నాయి, రాజు పన్ను కట్టడానికి అప్పు చేశాం, చివరికి మా బిడ్డల్నే దాసులుగా అప్పగించాల్సి వస్తోంది అన్నారు (నెహెమ్యా 5). ‘ఇది కష్టకాలం, ఇప్పుడా గొడవలు? వెనక ఎవరో రెచ్చగొడుతున్నారు’ అని నెహెమ్యా కొట్టిపారేయవచ్చు. ఏ కాలంలోనైనా అధికారులు అనే మాటే కదా!

నెహెమ్యాకు కోపం వచ్చిన మాట నిజమే. కానీ ఆ కోపం మొరపెట్టిన వారి మీద కాదు. సొంత సహోదరుల దగ్గరే వడ్డీ పుచ్చుకున్న ప్రధానుల మీద. వారిని గద్దించి, వారికి విరోధంగా తానే పెద్ద సభను సమకూర్చాడు. పొలాలు ఆ రోజే తిరిగి ఇచ్చేయమన్నాడు. యాజకులను పిలిపించి మరీ ప్రమాణం చేయించాడు. ఉత్త మాటలను ఆయన నమ్మలేదన్నమాట!

ఈ అధ్యాయం తెరిస్తే ముదిగొండ గుర్తుకొస్తుంది. జగ్గయ్యపేట, నందిగామ వారికి అది పరాయి ఊరు కాదు. ఖమ్మం పక్కన పారే మున్నేరే పెనుగంచిప్రోలు మీదుగా వచ్చి, కీసర వంతెన దాటి కృష్ణలో కలుస్తుంది. ఈ ఊళ్లు 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి, ముదిగొండ 2014లో తెలంగాణలోకి వెళ్లాయి కానీ, చుట్టరికాలకు, మిరప కోతల కూలీలకు సరిహద్దు ఎప్పుడూ అడ్డం కాలేదు. 2007 జూలై 28న ఆ ముదిగొండలో, పేదలకు భూమి పంచాలంటూ వామపక్షాలు పిలిచిన బంద్‌లో పోలీసులు కాల్పులు జరిపారు. ఏడుగురు చనిపోయారు. రాళ్లు పడ్డాయన్నది పోలీసుల మాట. పడ్డాయనే అనుకుందాం, రాయికి తూటా బదులవుతుందా?

వాళ్లు అడిగింది గొంతెమ్మ కోరిక కూడా కాదు. భూమి సమస్యలపై ప్రభుత్వమే కోనేరు రంగారావు కమిటీని వేసింది. ఆ రంగారావు మన పక్కనున్న తిరువూరు ఎమ్మెల్యే, అప్పట్లో మంత్రి. కమిటీ నూరుకు పైగా సిఫారసులు చేసింది. వాటిని అమలు చేయమన్నదే వారి ప్రధానమైన కోరిక.

ఇక మన సంగతి. మట్టల ఆదివారం ఊరేగింపుకు, క్రిస్మస్ ర్యాలీకి మనమూ పోలీస్ స్టేషన్‌లో దరఖాస్తు పెడతాం. అనుమతి ఆలస్యమైతే నొచ్చుకుంటాం. రాజ్యాంగం 19వ అధికరణం ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు ఇచ్చిందని అప్పుడు మనకు గుర్తుకొస్తుంది. అదే మన సంఘంలో చాప మీద కూర్చుని ఆరాధించే కూలీ తల్లి ఇంటి స్థలం కోసం తహసీల్దార్ ఆఫీసు ముందు కూర్చుంటే, ‘విశ్వాసికి ధర్నాలెందుకమ్మా’ అంటాం! రోమా పత్రిక 13వ అధ్యాయం చూపించి పై అధికారులకు లోబడమంటాం.

ఆ పత్రిక రాసిన పౌలునే యెరూషలేము అల్లరిలో బంధించారు. అంతకుముందు తిరుగుబాటు లేవదీసిన ఐగుప్తీయుడు ఇతడేనేమో అని సహస్రాధిపతి అనుమానం. అల్లరి చోట దొరికినవాణ్ణి నాయకుడనుకోవడం అప్పుడూ ఉంది! కొరడాలతో కొట్టి విచారించడానికి వారులతో కట్టినప్పుడు పౌలు లోబడి ఊరుకోలేదు. శిక్ష విధింపబడని రోమీయుణ్ణి కొట్టడానికి మీకు అధికారముందా అని అడిగాడు. ఇది అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయం. మన రాజ్యాంగంలోనూ 22వ అధికరణమే, అరెస్టయిన మనిషికి కారణం చెప్పాలనీ, న్యాయవాదిని కలవనివ్వాలనీ, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలనీ చెబుతుంది. సంఖ్యలు అలా కలవడం యాదృచ్ఛికమే అయినా, యవనస్థుల కూడికల్లో రెండూ పక్కపక్కన పెట్టి చదివించవచ్చు.

పౌలు అడిగిన ఆ ఒక్క ప్రశ్నకు కొరడా ఆగిపోయింది. కట్టించిన సహస్రాధిపతే భయపడ్డాడు. ముదిగొండలో అలా అడిగే వ్యవధి ఆ ఏడుగురికి దొరకలేదు.