చేతికి తెలిసింది కోడ్‌కి తెలుస్తుందా?

పోయినేడాది మా పెద్దమ్మకి తలలో ట్యూమర్ తీశారు. డిశ్చార్జ్ రోజు డాక్టర్ గారిని అడిగాను, "మెదడు మీద ఎంత నొక్కొచ్చో మీకెలా తెలుస్తుంది సార్?" అని. ఆయన నవ్వి, "చేతికి తెలుస్తుంది నాన్నా" అన్నారు. పెద్దమ్మ బాగానే ఉంది. నాకే ఆ మాట బుర్రలోంచి పోలేదు. చేతికి తెలిసేదాన్ని కొలవలేమా?

మెదడు జున్నులా మెత్తగా ఉంటుంది. కాస్త గట్టిగా లాగితే సన్నటి రక్తనాళం తెగిపోవచ్చు. పోయేది మాటో, చూపో, చెయ్యి కదలికో. అందుకే అక్కడ వాడే బలం చాలావరకు ఒక న్యూటన్ లోపే. అంటే వంద గ్రాముల సబ్బు బరువు కంటే తక్కువ!

సర్జన్ ఎక్కువగా వాడేది బైపోలార్ ఫోర్సెప్స్, పట్టకారు లాంటిది. దాంతోనే పట్టుకుంటారు, విడదీస్తారు, కరెంటు పంపి రక్తం కారే నాళాన్ని మూసేస్తారు. కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో న్యూరోఆర్మ్ రోబో తయారుచేసిన గార్నెట్ సదర్లాండ్ బృందం, ఈ పట్టకారుకే స్ట్రెయిన్ గేజ్‌లు అంటించి స్మార్ట్‌ఫోర్సెప్స్ చేసింది.

స్ట్రెయిన్ గేజ్ కొత్తదేం కాదు. కిరాణా కొట్లో డిజిటల్ కాటాలో ఉండేది అదే. పట్టకారు కాలు వంగితే గేజ్ సాగుతుంది, రెసిస్టెన్స్ మారుతుంది. ఆ చిన్న మార్పుని ఇంటర్‌లో చదివిన వీట్‌స్టోన్ బ్రిడ్జి వోల్టేజీగా చూపిస్తుంది.

చిక్కు ఎక్కడంటే, కరెంటు పంపగానే కొన వేడెక్కుతుంది. వేడికి కూడా రీడింగ్ మారుతుంది. నేను వంటింటి పట్టకారుకి ఒక గేజ్ అంటించి చూశా. ఏమీ పట్టుకోకుండానే, నా చేతి వేడికే అంకెలు పాకుతున్నాయి! దీనికి మందు ఏంటంటే, కాలుకి రెండు వైపులా గేజ్‌లు పెట్టాలి. వంగితే ఒకటి సాగుతుంది, ఇంకోటి కుదించుకుంటుంది. వేడికైతే రెండూ ఒకేలా మారతాయి. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే వేడి కొట్టుకుపోయి బలం మిగులుతుంది. పైగా ఆ జిగురు, ఇన్సులేషన్ 134 డిగ్రీల ఆటోక్లేవ్ ఆవిరిని ప్రతిసారీ తట్టుకోవాలి.

ఎంఆర్ఐ లోపల పనిచేయాలంటే కరెంటు తీగలే ఇబ్బంది. అక్కడ ఫైబర్ బ్రాగ్ గ్రేటింగ్ వాడొచ్చు. గాజు ఫైబర్ సాగితే, అది వెనక్కి పంపే కాంతి వేవ్‌లెంగ్త్ జరుగుతుంది. ఆ జరుగుడే కొలత.

ఇక మన సబ్జెక్టు. లిమిట్ దాటితే బీప్, ఒక్క ఇఫ్ కండిషన్ చాలనుకున్నా. కానీ ట్యూమర్ పొరని లాగడానికి సరిపడే బలం, పక్కనున్న సిరకి ఎక్కువైపోవచ్చు. ఊరికే మోగితే ఎవరూ పట్టించుకోరు, ఆలస్యంగా మోగితే లాభం లేదు. అందుకే ఏ పనికి ఎంత బలం వాడారో రికార్డు చేసి, అనుభవం ఉన్నవాళ్లనీ కొత్తవాళ్లనీ పోల్చి చూస్తున్నారు.

ఇఫ్ కండిషన్ సర్జన్ చేతికి బదులు కాదని ఇప్పుడు అర్థమైంది. ఆ చెయ్యి రిటైరయ్యేలోపు దానికి తెలిసింది ఇంకో జూనియర్ చేతికి అందితే చాలు.