టర్కీ కోడి పెంపకం

పాఠ్యభాగ సందర్భం

పెరటి కోళ్ళ పెంపకం మన గ్రామాలకే పరిమితమైనది కాదు. నగరాల నడిబొడ్డున, పాత ఇండ్ల ముంగిళ్ళలో కూడ ఈ అలవాటు నిలిచి ఉంది. ఆ ముంగిట అడుగుపెట్టిన ఒక పరదేశపు పక్షిని గురించి, దాని పిల్లలను బ్రతికించుకొనే విధానాన్ని గురించి ఈ పాఠం వివరిస్తుంది.

పాఠ్యభాగం

హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు నుండి లాడ్ బజారు గుండా పడమరకు నడచివెళ్తే మహబూబ్ చౌక్ వస్తుంది. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు పెట్టుకొన్న ఈ కూడలిలో 1892లో కట్టిన గడియార స్తంభం ఉంది. అయితే జనం నోట ఈ చోటికి స్థిరపడిన పేరు ముర్గీ చౌక్. కోళ్ళ వ్యాపారమే ఆ పేరుకు కారణం. పాతబస్తీవాసులకు కోళ్ళపై గల మక్కువ ఈనాటిది కాదు. అసీల్ జాతి పుంజును ఇంటి బిడ్డవలె సాకే కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. ఇటువంటి పక్షిప్రియులలో కొందరిని ఆకర్షించేది టర్కీ కోడి.

పేరు టర్కీయే గాని, ఈ పక్షికి పుట్టినిల్లు ఆ దేశం కాదు. ఇది ఉత్తర అమెరికా ఖండపు పక్షి. మెక్సికో ప్రాంతపు ప్రాచీనులు దీనిని మచ్చిక చేసుకొన్నారు. పదహారవ శతాబ్దంలో స్పెయిన్ దేశీయుల ద్వారా ఐరోపాకు చేరింది. 1612లో మొగలు చక్రవర్తి జహంగీరు ఆస్థానానికి ముకర్రబ్ ఖాన్ గోవా నుండి తెచ్చిన వింత వస్తువులలో ఒక టర్కీ కోడి ఉంది. దాని తల, మెడ క్షణక్షణానికీ రంగులు మార్చుకోవడం చూచి చక్రవర్తి ఆశ్చర్యపడి, ఆ విషయాన్ని తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడు. ఆస్థాన చిత్రకారుడు మన్సూర్ చిత్రించిన టర్కీ కోడి బొమ్మ నేడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. రాజులకు వింతగా వచ్చిన పక్షి నేడు సామాన్యుని పెరటికి చేరింది.

టర్కీ పెట్ట సుమారు ముప్పై వారాల వయస్సులో గుడ్లు పెట్టనారంభిస్తుంది. గుడ్డు దాదాపు 85 గ్రాములు తూగుతుంది. లేత గోధుమరంగు పెంకుపై చిన్న చిన్న మచ్చలుంటాయి. అయిదు పెట్టలకు ఒక పుంజు ఉంటే చాలును. పొదిగించదలచిన గుడ్లను సన్నని కొన క్రిందికి ఉండేటట్లు చల్లని చోట నిలువ చేయాలి. వారం దాటితే వాటి శక్తి తగ్గుతుంది. హైదరాబాదు ఎండలలో మరొక చిక్కు కూడ ఉంది. గది వేడికే పిండం కొంత ఎదిగి, తగినంత వేడి అందక నశిస్తుంది. అందుచేత వేసవిలో తడి ఇసుకపై నిలిపిన మట్టికుండలో గుడ్లను ఉంచడం మేలు.

నాటుకోడి గుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు పడితే, టర్కీ గుడ్డుకు 28 రోజులు పడుతుంది. ఈ ఏడు రోజుల తేడాను మరచినవారు నష్టపోతారు. నాటుకోడి క్రింద దాని గుడ్లను, టర్కీ గుడ్లను ఒకేరోజున కలిపి పెడితే, ఇరవై ఒకటవ రోజున దాని పిల్లలు బయటకు వస్తాయి. తల్లి వాటిని వెంటబెట్టుకొని గూడు విడిచిపోతుంది. ఒక వారంలో లోకాన్ని చూడవలసిన టర్కీ పిల్లలు చల్లారిన గుడ్లలోనే చనిపోతాయి.

పొదుగు యంత్రంలో పెడితే 37.5 డిగ్రీల సెల్సియస్ వేడి నిలకడగా ఉండాలి. గుడ్లను రోజుకు నాలుగైదు సార్లయినా త్రిప్పాలి. లేనిచో పిండం పెంకులోపలి పొరకు అంటుకొంటుంది. పదవ రోజున చీకటి గదిలో గుడ్డును దీపానికి అడ్డుపెట్టి చూస్తే, బ్రతికిన గుడ్డులో సాలెగూడువంటి ఎర్రని నరాలు కనిపిస్తాయి. ఏమీ కనిపించని గుడ్లను తీసివేయాలి. ఇరవై అయిదవ రోజు నుండి త్రిప్పడం మాని తేమను పెంచాలి. పిల్ల తన ముక్కుపై గల చిన్న గట్టి మొనతో పెంకును తానే పగులగొట్టుకొంటుంది. జాలిపడి మనం పెంకు ఒలిస్తే రక్తస్రావమై పిల్ల చనిపోయే ప్రమాదముంది.

పిల్ల బయటపడగానే గెలిచామనుకోవడం పొరపాటు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. పుట్టబోయే ముందు పిల్ల మిగిలిన పచ్చసొనను తన కడుపులోనికి లాక్కొంటుంది. ఆ చద్దిమూట రెండు మూడు రోజులకు సరిపోతుంది. అంతవరకు పిల్ల చలాకీగానే తిరుగుతుంది. యజమాని నిశ్చింతగా ఉంటాడు. నాటుకోడి పిల్ల పుట్టిన కొద్ది గంటలకే నేలపై గింజను ఏరుకొంటుంది. టర్కీ పిల్లకు చూపు మందం, నేర్పు ఆలస్యం. దాణా కాళ్ళ క్రిందనే ఉన్నా అది ఆహారమని గుర్తించదు. నాలుగైదు రోజులకు ఒకటి వెనుక ఒకటిగా పిల్లలు వాలిపోతాయి. వీటిని చంపినది రోగం కాదు, ఆకలి. నిండిన పళ్ళెం ముందు కలిగిన ఆకలి!

దీనికి మందు మన చేతి వ్రేలే. తల్లికోడి ముక్కువలె వ్రేలితో దాణాపై తట్టుతూ ఉంటే పిల్ల అటు చూస్తుంది, పొడిచి చూస్తుంది. ప్రతి పిల్ల ముక్కును ఒకసారి నీటిలో ముంచి త్రాగడం నేర్పాలి. మెరిసే వస్తువులు పిల్లలను ఆకర్షిస్తాయి గనుక దాణాలోను, నీటిలోను రంగురంగుల గాజుగోళీలు వేస్తారు. గోళీని పొడవబోయి పిల్ల గింజను రుచి చూస్తుంది. ఉడికించిన గుడ్డు తురుము, సన్నగా తరిగిన ఆకుకూర కూడ దాణాపై చల్లవచ్చు. టర్కీ పిల్లల దాణాలో 28 శాతం మాంసకృత్తులుండాలి. మొదటి వారం 35 డిగ్రీల వేడి కల్పించి, తరువాత వారానికి మూడేసి డిగ్రీల చొప్పున తగ్గించాలి. పిల్లలు ఒకచోట ముద్దగా మూగితే చలి వేస్తున్నదని, దీపానికి దూరంగా పోయి నోరు తెరిస్తే వేడి ఎక్కువైనదని గ్రహించాలి.

పాతబస్తీ ముంగిళ్ళలో టర్కీకి పొంచి ఉన్న మరొక ముప్పు నాటుకోడే. కోళ్ళ ప్రేగులలో నివసించే ఒక రకం నట్ట గుడ్లలో హిస్టోమోనాస్ అనే సూక్ష్మజీవి దాగి ఉంటుంది. కోడి దానిని సులభంగా తట్టుకొంటుంది. టర్కీకి మాత్రం అది కాలేయాన్ని తొలిచివేసే ప్రాణాంతక వ్యాధి అవుతుంది. గంధకంవలె పసుపుపచ్చని రెట్ట దాని గుర్తు. దీనినే నల్లతల వ్యాధి అంటారు. ఆ నట్ట గుడ్లు మట్టిలో సంవత్సరాల తరబడి బ్రతుకుతాయి. ఆధారపడదగిన మందు లేదు. కనుక తరతరాలుగా కోళ్ళు తిరిగిన నేలపై టర్కీలను విడువరాదు. చోటు తక్కువైనప్పుడు డాబాపైన గాని, నేలకు ఎత్తుగా తీగజాలి పరచిన గూటిలో గాని పెంచాలి. పొదగడానికి నాటుకోడినే ఆశ్రయించవలసి వస్తే, ముందుగా దానికి నట్టల మందు పట్టించి, పిల్లలు ఆరగానే వేరు చేయాలి. కొక్కెర తెగులుకు, మశూచికి పశువైద్యుని సలహాపై టీకాలు వేయించాలి.

పాతబస్తీకి చేరువలోని రాజేంద్రనగరులో 1988లో నెలకొన్న కోళ్ళ పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్ళను రూపొందించింది. ఉత్తరప్రదేశ్ లోని ఇజ్జత్ నగరులో గల కేంద్ర పక్షి పరిశోధన సంస్థ టర్కీలపై కృషి చేసింది. శాస్త్రవేత్తలు మేలుజాతిని అందించగలరు. కాని పుట్టిన మూడవ రోజున పిల్ల మేత మెసవినదో లేదో కూర్చొని చూడవలసినది ఇంటివారే. కొద్దిపాటి పెట్టుబడితో నాలుగు టర్కీలను పెంచుకొనే కుటుంబానికి ఒక ఈత పిల్లలు పోవడమంటే ఏడాది ఆశ పోవడమే. ఆ ఆశను కాపాడేది ఖరీదైన యంత్రం కాదు, విసుగులేని శ్రద్ధ. ఆహారం ముందు పెట్టడంతో పోషకుని బాధ్యత తీరదు. తినడం నేర్పినప్పుడే అది పూర్తవుతుంది.

అర్థాలు

ముంగిలి = ఇంటి ముందలి ఖాళీ చోటు
మక్కువ = ఇష్టం
మచ్చిక = పెంపుడు అలవాటు
చద్దిమూట = దారిలో తినడానికి కట్టుకొన్న అన్నం
మూగు = గుమిగూడు
మెసవు = తిను
నట్ట = ప్రేగులలో ఉండే పురుగు

ప్రశ్నలు

1. నాటుకోడి క్రింద రెండు రకాల గుడ్లను ఒకేరోజున కలిపి పెడితే కలిగే నష్టమేమి?
2. దాణా ఉన్నప్పటికీ టర్కీ పిల్లలు ఆకలితో ఎందుకు చనిపోతాయి? నివారణ మార్గాలను తెలుపుము.
3. నల్లతల వ్యాధి వ్యాపించే విధమును వివరింపుము.
4. “తినడం నేర్పినప్పుడే అది పూర్తవుతుంది” — ఈ వాక్యాన్ని పాఠం ఆధారంగా సమర్థింపుము.