నేరం ఒప్పుకున్నాక అప్పీల్ ఉంటుందా?

"సార్, ఫైన్‌తో పోతుందంటే మావాడు కోర్టులో నేరం ఒప్పేసుకున్నాడు. తీరా చూస్తే జైలు శిక్ష పడింది. ఇప్పుడు అప్పీల్ ఉంటుందా?" నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఇది.

ఉంటుందండీ. కాకపోతే సగమే ఉంటుంది.

పాత సీఆర్‌పీసీలో ఇది సెక్షన్ 375. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్‌ఎస్‌ఎస్‌లో సెక్షన్ 416. మేజిస్ట్రేట్ కోర్టులో గానీ సెషన్స్ కోర్టులో గానీ నేరం ఒప్పుకుని శిక్ష పడితే, "నేను ఆ నేరం చేయలేదు" అని అప్పీల్ వేయడం కుదరదు. కానీ రెండు విషయాలు అడగొచ్చు. ఒకటి, శిక్ష మరీ ఎక్కువైంది అని. రెండు, ఆ శిక్ష చట్టప్రకారం చెల్లదు అని.

మరి ఆశపెట్టి ఒప్పించి ఉంటే? తిప్పేస్వామి వర్సెస్ కర్ణాటక రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. వాహన ప్రమాదం కేసు. ముద్దాయి ఒప్పుకున్నాడు, ఫైన్‌తో సరిపెట్టారు. తర్వాత హైకోర్టు శిక్ష పెంచింది. తక్కువ శిక్ష అని ఆశ చూపి ఒప్పించి, పైకోర్టులో పెంచడం ఆర్టికల్ 21కి విరుద్ధం అని సుప్రీంకోర్టు చెప్పి, కేసును మళ్లీ విచారణకు పంపింది. కాబట్టి ఒప్పుకోలు ఎలా జరిగిందో మీ లాయర్‌కి ఉన్నదున్నట్టు చెప్పండి.

ప్లీ బార్గెయినింగ్ వేరు. అందులో వచ్చిన తీర్పు మీద మామూలు అప్పీల్ ఉండదు. హైకోర్టులో రిట్, సుప్రీంకోర్టులో స్పెషల్ లీవ్ పిటిషన్ మాత్రమే. మీవాడిది ఏ రకమో ముందు తేల్చుకోండి.

ఇక గడువు. మేజిస్ట్రేట్ తీర్పు మీద సెషన్స్ కోర్టుకి 30 రోజులు, సెషన్స్ తీర్పు మీద హైకోర్టుకి 60 రోజులు. దాటితే ఆలస్యానికి సరైన కారణం చూపిస్తూ పిటిషన్ వేయాలి. జైలు శిక్ష పడినవాళ్లకు తీర్పు కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. అప్పీల్‌తో పాటే శిక్ష నిలుపుదల పిటిషన్ కూడా వేయించండి. లేదంటే అప్పీల్ తేలేలోపు చిన్న శిక్ష కాస్తా జైల్లోనే పూర్తయిపోతుంది.

లాయర్‌కి డబ్బుల్లేవని ఊరుకోకండి. జైల్లో ఉన్నవాళ్లు ఉచిత న్యాయ సహాయానికి అర్హులు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి, లేదా 15100కి ఫోన్ చేయండి.

అన్నిటికంటే ముఖ్యం, "ఒప్పేసుకో, అయిపోతుంది" అని ఎవరన్నా అంటే, ఏ సెక్షన్, గరిష్ఠ శిక్ష ఎంత అని అడిగాకే నోరు విప్పండి.