ఎడమ చెయ్యి చెప్పే వయసు

భారత క్రికెట్‌లో నిజాయతీపై ముఖచిత్ర కథనం కావాలని ఎడిటర్ అడిగినప్పుడు ఫిక్సింగ్ గురించే రాయాలనుకున్నాను. తీరా కాగితాలు తిరగేస్తుంటే, వయసు తేల్చడానికి అండర్-16 కుర్రాళ్లకు తీసే ఎడమ చేతి ఎక్స్‌రే దగ్గర ఆగిపోయాను.

ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో ఇంకా గట్టిపడని మెత్తటి భాగం ఉంటుంది. ఎక్స్‌రేలో అది ఖాళీలా కనిపిస్తుంది. వయసు పెరిగేకొద్దీ పూడుకుపోతుంది. ముంజేతివి రెండు, అరచేతివీ వేళ్లవీ కలిపి మొత్తం 13 ఎముకలు చూసి, దేనికెంత ఎదుగుదల అని మార్కులు వేస్తారు. ఆ మొత్తాన్ని బట్టి ఎముకల వయసు తేలుస్తారు. దీన్నే టీడబ్ల్యూ3 పరీక్ష అంటారు. అబ్బాయిలకు 16.4 దాటితే అండర్-16లో చోటు లేనట్టే.

వయసు తగ్గించి చూపే దొంగ సర్టిఫికెట్లకు ఇది గట్టి అడ్డే. కానీ ఒకే రోజు పుట్టిన ఇద్దరు పిల్లల ఎముకల వయసులో ఏడాదికి పైగా తేడా రావచ్చు. పిల్లల ఎదుగుదలను కొలవడానికి పుట్టిన పద్ధతి ఇది, పుట్టినతేదీని రుజువు చేయడానికి కాదు. అంటే, తొందరగా ఎదిగిన నిఖార్సయిన కుర్రాడూ బలైపోవచ్చు. నిరుడు 15.5 వచ్చిన పిల్లాడికి ఈ ఏడు ఒకటి కలిపి, 16.5 అని పక్కన పెట్టడమూ జరిగేది. అలాంటివాళ్లకు మళ్లీ పరీక్ష చేయాలని బీసీసీఐ 2025లో నిర్ణయించింది. ఆలస్యమైనా మంచి పని.

వయసు మోసాలపై జాతీయ నియమావళి 2010లోనే వచ్చింది. 2015లో పటౌడీ స్మారకోపన్యాసంలో రాహుల్ ద్రవిడ్ ఈ మోసాన్ని విషమన్నారు. అమ్మానాన్నలు, కోచ్‌లే తప్పుడు కాగితం పుట్టిస్తే పిల్లాడు మోసం కాక ఇంకేం నేర్చుకుంటాడని అడిగారు. 2020 సెప్టెంబరు 15లోగా అసలు తేదీ చెప్పినవారిని శిక్షించబోమనీ, దాచి దొరికితే రెండేళ్ల నిషేధమనీ బీసీసీఐ ప్రకటించింది.

ఆ రెండేళ్లూ పోగొట్టుకునేది ఆటగాడే. ఎనిమిదో ఏట తండ్రి మార్పించిన తేదీకి పదిహేడో ఏట కొడుకు శిక్ష అనుభవించడం నాకు న్యాయంగా తోచదు. వాడి వల్ల చోటు పోయిన పిల్లాడికైతే ఏ నిషేధమూ ఆ సీజన్‌ను తిరిగివ్వదు. పైగా పద్దెనిమిదేళ్లవాడు విసిరే 160 గ్రాముల బంతికి పద్నాలుగేళ్లవాడు ఎదురు నిలవాలి. ఇది ప్రాణభద్రత విషయం కూడా.

కొత్త చట్టం
జాతీయ క్రీడా పరిపాలన చట్టానికి 2025 ఆగస్టు 18న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. జాతీయ క్రీడా బోర్డు, వివాదాలకు ట్రైబ్యునల్, క్రీడాకారుల భద్రతకు విధానం ఇందులో ఉన్నాయి. సమాచార హక్కు మాత్రం ప్రభుత్వ నిధులు తీసుకునే సంఘాలకే. బీసీసీఐ ఆ నిధులు తీసుకోదు కాబట్టి, వయసు పరీక్షల వివరాలను ఆ హక్కు కింద అడగలేం.

చట్టం సంగతలా ఉంచితే, సర్టిఫికెట్ మార్పించిన పెద్దలకూ శిక్ష పడాలి. తల్లిదండ్రులకు ఒక్క మాట: వయసు రెండేళ్లు తగ్గించి రాయిద్దామని ఏ కోచ్ అయినా అంటే, మీ పిల్లాణ్ని ఆ అకాడమీ మాన్పించండి.