ఆడపిల్లలు, సైన్సు చదువు: ఫీజుకంటే ముందు కావలసిన సాయం

ఏటా పదో తరగతి ఫలితాలు వచ్చాక ఫీజుల కోసం అర్జీలు వస్తాయి. దాతలకు ఇది కొత్త సంగతి కాదు. అమ్మాయి, పక్కన తల్లి, చేతిలో మార్కుల మెమో. ఎంత కావాలో చెబుతారు, మనం శక్తికొద్దీ ఇస్తాం. ఆ అర్జీలో ‘గ్రూపు’ అని ఉన్నచోట ఏం రాసి ఉందో చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఇరవై ఎనిమిదేళ్లుగా హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నదాన్ని కనుక నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. లెక్కల్లో తొంభై మార్కులు దాటిన అమ్మాయి సీఈసీ అని రాసి ఉంటుంది. సీఈసీ చెడ్డదని కాదు. ఎందుకు ఎంచుకున్నావమ్మా అని అడిగితే ‘ఎంపీసీ మనకెందుకు మేడం’ అంటుంది. ఆ ‘మనకెందుకు’ అన్నమాటకు ఆమె తెలివితేటలతో సంబంధం లేదు. ఆ చదువు చదివి, ఆ పని చేసుకుంటున్న ఆడమనిషిని ఆమె దగ్గరగా చూడలేదు, అంతే.

అర్జీ మన చేతికి వచ్చేసరికే నిర్ణయం జరిగిపోయి ఉంటుంది. ఇంజనీరింగులో చేరిన పిల్లకు ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంటు ఉంది. అర్హత ఉంటే ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ కింద ఏడాదికి 50,000 రూపాయలు వస్తాయి. ఐఐటీల్లో 2018 నుంచి అమ్మాయిల కోసం అదనపు సీట్లు పెట్టారు. చివరి మెట్టు దగ్గర ఏదో ఒక చేయూత దొరుకుతోంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల దగ్గర, అంటే మొదటి మెట్టు మీద, ఎవరూ నిలబడి లేరు. ఈ వ్యాసం ఆ మెట్టు గురించి.

ఈ చిక్కు మన దగ్గరే పుట్టింది కాదు. 1970ల తొలినాళ్లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో లూసీ సెల్స్ అనే సామాజికశాస్త్రవేత్త కొత్తగా చేరిన విద్యార్థుల వివరాలు పరిశీలించారు. హైస్కూల్లో నాలుగేళ్లూ లెక్కలు చదివి వచ్చినవాళ్లు అబ్బాయిల్లో 57 శాతం, అమ్మాయిల్లో 8 శాతం. లెక్కలు వదిలేసిన పిల్లకు కాలేజీలో సైన్సు, ఇంజనీరింగు కోర్సులు చాలావరకు మూసుకుపోయినట్టే. కాలేజీ గేటు దగ్గర ఆమెను ఎవరూ ఆపనక్కరలేదు, హైస్కూల్లోనే ఆగిపోయింది. మన ఇంటర్ గ్రూపు చేసే పని సరిగ్గా ఇదే.

ఆ దిగులుతోనే శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోని కొందరు మహిళా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయినులు 1974లో ఒకచోట చేరారు. 1976లో ఓక్లాండ్‌లోని మిల్స్ కాలేజీలో బాలికల కోసం ఒక రోజు కార్యక్రమం పెట్టారు. ఆ రోజు నేర్పించినవాళ్లు ఆ వృత్తుల్లో ఉన్న ఆడవాళ్లే. పిల్లలు చిన్న చిన్న జట్లుగా కూర్చుని స్వయంగా ప్రయోగాలు చేశారు. ఆ పద్ధతి తర్వాత అమెరికాలో చాలా ఊళ్లకు, ఇతర దేశాలకు కూడా పాకింది. మన దేశంలో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2019లో మొదలుపెట్టిన విజ్ఞాన్ జ్యోతి పథకం కూడా ఈ దారిలోదే. తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు అమ్మాయిలను నవోదయ విద్యాలయాలు కేంద్రంగా ప్రయోగశాలలకు తీసుకువెళ్లడం, మహిళా శాస్త్రవేత్తలతో మాట్లాడించడం, తల్లిదండ్రులకు నచ్చజెప్పడం అందులో ఉన్నాయి. మంచి పథకమే, కానీ అది మన వీధిలోని ఎయిడెడ్ స్కూలు దాకా, ఉర్దూ మీడియం స్కూలు దాకా వస్తుందని కాచుకుని కూర్చోలేం కదా.

పిల్లల మనసులో ‘సైంటిస్టు’ అంటే ఎవరు? డేవిడ్ చేంబర్స్ అనే పరిశోధకుడు 1983లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 4,807 మంది చిన్నపిల్లల చేత సైంటిస్టు బొమ్మ గీయించారు. వాటిలో ఆడవాళ్ల బొమ్మలు 28. ఆ ఇరవై ఎనిమిదీ గీసింది ఆడపిల్లలే. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో పరిస్థితి మెరుగుపడింది గాని, ఒక విషయం నన్ను ఆలోచనలో పడేసింది. ఆరేళ్ల అమ్మాయిలు ఎక్కువమంది ఆడమనిషినే గీస్తారట. పదహారేళ్లు వచ్చేసరికి అదే అమ్మాయిలు ఎక్కువగా మగవాడి బొమ్మ గీస్తున్నారు. అంటే ఆ పదేళ్లలో మనమే, ఇంట్లోనూ బడిలోనూ, వాళ్ల చేతిలో రబ్బరు పెట్టి ఆ బొమ్మ చెరిపించామన్నమాట.

దగ్గర మనిషి ఒకరు ఉంటే ఏమవుతుందో చెప్పడానికి మన తెలుగింటి అమ్మాయే ఉంది. అయ్యలసోమయాజుల లలిత 1919లో మద్రాసులో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి. పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, చేతిలో నాలుగు నెలల పాప. ఆ రోజుల్లో అలాంటి పిల్ల బతుకు ఎలా ఉండేదో మన పెద్దలకు చెప్పక్కరలేదు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసరు. ఆయన కాలేజీ ప్రిన్సిపాలుతో మాట్లాడి కూతురిని చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ పూర్తిచేశారు. మన దేశపు తొలి మహిళా ఇంజనీర్లలో ఆమె ఒకరు. ఆమెతోపాటు కేరళకు చెందిన పి.కె. త్రెసియా, లీలమ్మ జార్జ్ సివిల్ చదివారు. పట్టా కాగితం మీద ‘అతడు’ అన్న అర్థమిచ్చే ఇంగ్లీషు మాట అచ్చై ఉంటే, దాన్ని కొట్టేసి ‘ఆమె’ అని మార్చి ఇవ్వవలసి వచ్చింది. లలిత జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పని నేర్చుకున్నారు. తర్వాత కలకత్తాలో ఒక కంపెనీలో చేరి, భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల సభకు వెళ్లివచ్చారు.

లలితకు ఆ విద్య తెలిసిన మనిషి ఇంట్లోనే ఉన్నాడు. మా బడికి వచ్చే పిల్లల తండ్రులు ఆటో నడుపుతారు, పండ్ల బండి పెడతారు, వెల్డింగ్ షాపులో పనిచేస్తారు. కూతురు బాగుపడాలన్న కోరిక వాళ్లకు సుబ్బారావు గారికంటే తక్కువేం లేదు. దారి తెలియదు. ఆ తండ్రి స్థానంలో, వారానికి రెండు గంటలు, ఆ విద్య తెలిసిన ఒక ఆడమనిషి కూర్చోవాలి. ఇందులో మంత్రమేమీ లేదు.

కూర్చుని ఏం చేస్తుంది? ఒక్క ఉదాహరణ కాస్త వివరంగా చెబుతాను. విద్యుత్ శాఖలో ఏఈగా ఉన్న ఒకామె మా పిల్లల చేత చిన్న మోటారు చేయించారు. సామాను ఇంతే: టార్చిలైటు సెల్ ఒకటి, పిన్నీసులు రెండు, రబ్బరు బ్యాండు, పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం ముక్క, మోటారు వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగి తీగ రెండు మూడు గజాలు. తీగను సెల్ చుట్టూనే ఓ పది చుట్లు చుట్టి తీస్తే ఉంగరంలా వస్తుంది. రెండు కొసలు అటూ ఇటూ వదిలి, సెల్ రెండు చివర్లా నిలబెట్టిన పిన్నీసుల కన్నాల్లో పెట్టాలి. కింద అయస్కాంతం. కొసల మీది ఎనామిల్ గీకితేనే కరెంటు పారుతుంది.

పిల్లలు శ్రద్ధగా రెండు కొసలూ చుట్టూరా గీకేశారు. చుట్ట కాసేపు అటూ ఇటూ ఊగి ఆగిపోయింది. టీచర్లం మేమైతే అక్కడే ‘ఇలా కాదు, ఇటివ్వండి’ అని లాక్కుని చేసేసేవాళ్లం, పీరియడు అయిపోతుందని మాకు తొందర. ఏఈ మేడం చేతులు కట్టుకుని నిలబడి ‘ఎందుకు వెనక్కి వస్తోంది?’ అని అడిగారు. ఇరవై నిమిషాలు ఎవరూ జవాబు చెప్పలేదు. చివరకు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి తీగను వేలితో మెల్లగా తిప్పుతూ, సగం చుట్టు తిరిగాక తోపు ఎదురుతిరుగుతోందని కనిపెట్టింది. అయితే ఏం చేయాలి? ఆ సగం చుట్టులో కరెంటు అందకుండా చేయాలి. ఒక కొసను పూర్తిగా, రెండో కొసను ఒకవైపు మాత్రమే గీకాలి. అప్పుడు సగం చుట్టు కరెంటు తోస్తుంది, మిగతా సగం వచ్చిన ఊపుతోనే తిరుగుతుంది. మోటారు గిర్రున తిరిగింది. పాఠ్యపుస్తకంలో కమ్యుటేటర్ అని ఒక పేజీ ఉంటుంది. నేను ఏళ్ల తరబడి చెప్పిన పేజీయే. ఆ పిల్లలు మాత్రం దాన్ని తామే కనుక్కున్నామనుకుంటారు, కొంతవరకు నిజం కూడా.

ఆ తర్వాత ఆమె సబ్‌స్టేషన్‌లో తన డ్యూటీ గురించి చెప్పారు. గాలివానకు లైను తెగిన రాత్రి ఏం చేస్తారు, లైన్‌మెన్‌కు లైన్ క్లియర్ ఎలా ఇస్తారు, ఇంట్లో చిన్నపిల్లను ఎవరు చూస్తారు, జీతం ఎంత. మా అమ్మాయిలు ఎక్కువ ప్రశ్నలు అడిగింది చివరి రెండిటి గురించే. అవి తప్పు ప్రశ్నలు కావు. ఆ సమాధానాలు ఏ పుస్తకంలోనూ ఉండవు.

వచ్చి ప్రసంగించి వెళ్లిపోతే సరిపోదా అని కొందరు అడుగుతారు. 2015–16లో ప్యారిస్ పరిసరాల్లోని హైస్కూళ్లలో దీన్ని పరీక్షించి చూశారు. శాస్త్ర రంగాల్లో పనిచేస్తున్న మహిళలు తరగతికి వచ్చి ఒక గంట మాట్లాడారు. పన్నెండో తరగతి సైన్సు అమ్మాయిల్లో కష్టమైన సీట్ల వైపు వెళ్లినవాళ్లు పెరిగారు. పదో తరగతి వాళ్ల ఎంపికలో మాత్రం మార్పు కనిపించలేదు. అప్పటికే గట్టు మీద నిలబడ్డవాళ్లకు ఒక మాట చాలు. చిన్నవాళ్లకు చాలదని నేను దీన్నిబట్టి అనుకుంటున్నాను. ఆ పరిశోధనలోనే ఇంకో సంగతి తేలింది. ‘ఈ రంగంలో ఆడవాళ్లు ఎంత తక్కువో చూడండి’ అని నొక్కి చెప్పినవాళ్లకంటే, తమ పని ఎలా ఉంటుందో చెప్పినవాళ్ల ప్రభావమే ఎక్కువ. మన సభల్లో వక్తలు ఇది గమనించాలి. వెయ్యేళ్ల నాటి పేర్లు చెప్పి చప్పట్లు కొట్టించుకోవడం తేలిక. పక్క వీధిలో ఉన్న ఇంజనీరమ్మను పిలిచి పిల్లల మధ్య కూర్చోబెట్టడమే మనకు చేతకావడం లేదు.

పేర్లే కావాలంటే ఈనాటి పేరు చెప్పండి. తమిళనాడులోని సెంగోట్టైలో పుట్టిన నిగార్ షాజీ తిరునెల్వేలి ప్రభుత్వ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1987లో ఇస్రోలో చేరారు. సూర్యుణ్ణి పరిశీలించడానికి 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆదిత్య ఎల్1కు ఆమె ప్రాజెక్టు డైరెక్టరు.

అదే శ్రీహరికోట నుంచి 2022 ఆగస్టులో ఆజాదీశాట్ వెళ్లింది. దేశంలోని 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది అమ్మాయిలు అందులోని చిన్న పరికరాల తయారీలో పనిచేశారు. రాకెట్ సరైన కక్ష్యలో వదలలేకపోవడంతో ఉపగ్రహం పోయింది. మళ్లీ తయారుచేశారు, 2023 ఫిబ్రవరి 10న రెండోది కక్ష్య చేరింది. తిరగని మోటారు ముందు ఇరవై నిమిషాలు కూర్చున్న పిల్లలకు ఈ కథ వెంటనే అర్థమైంది.

అబ్బాయిలతో కలిపి ఎందుకు పెట్టకూడదు అంటారు. పెట్టవచ్చు. కానీ మా ల్యాబులో నేను చూసేది ఇది: నలుగురి జట్టులో స్క్రూడ్రైవర్ అబ్బాయి చేతిలో ఉంటుంది, రికార్డు బుక్కు అమ్మాయి చేతిలో ఉంటుంది. ఆమె అక్షరాలు గుండ్రంగా ఉంటాయట! జట్టంతా అమ్మాయిలే అయితే స్క్రూడ్రైవర్ ఎవరో ఒకరు పట్టుకోక తప్పదు.

తల్లిదండ్రులు అడిగేవి మూడే. ఎక్కడ కూర్చుంటారు, ఎవరు నేర్పుతారు, ఎప్పుడు ఇంటికి పంపుతారు. బడిలోనే, ఆడవాళ్లే, మగ్రిబ్‌కు చాలా ముందే అని చెబితే అడ్డు చెప్పిన తల్లిని నేను చూడలేదు. తల్లులను కూడా రమ్మంటే ఇంకా మంచిది. ఇంట్లో మిక్సీ ఫ్యూజు పోయినప్పుడు కూతురు టెస్టర్ పట్టుకుంటే ‘ముట్టుకోకు’ అనే గొంతు తల్లిదే. కరెంటు ఎక్కడ ప్రమాదమో, ఎక్కడ కాదో ఆ తల్లికి కూడా తెలియాలి. ఇక ఉర్దూ మీడియం పిల్లలకు ఇంటర్‌లో భాష మారుతుందన్న భయం పెద్దది. పని చేసేటప్పుడు ఆ భయం తగ్గుతుంది. సెల్లు, ఫ్యూజు, సర్క్యూటు ఏ మీడియంలోనైనా ఒకటే. వచ్చిన మేడంను ‘ఆపా’ అని పిలవడం మొదలుపెట్టాక సందేహాలు ఏ భాషలో అడిగినా జవాబు వస్తుంది.

ఖర్చు సంగతి. పైన చెప్పిన మోటారుకు జట్టుకు వంద రూపాయలు దాటదు. ఒక బడికి రెండు మల్టీమీటర్లు, నాలుగు సోల్డరింగ్ ఐరన్లు, స్క్రూడ్రైవర్ల సెట్లు, కటింగ్ ప్లేయర్లు, ఒక ఇనుప పెట్టె కావాలి. ప్రతిసారీ తీగలు, సెల్లులు, వచ్చే ఆమెకు దారి ఖర్చు, దూరం పిల్లలకు ఆటో చార్జీ. జకాత్ సొమ్ము ఇందుకు వాడవచ్చునా అన్నది ఉలమాలను అడిగి తేల్చుకోవలసిన విషయం, నేను చెప్పగలిగేది కాదు. సదఖా, మామూలు విరాళాలతోనే ఇది నడుస్తుంది. పెద్ద హాలు, బ్యానరు, శాలువాలు, జ్ఞాపికలు వద్దు. జట్టుకు ఎనిమిది మందికి మించకూడదు, నెలకు రెండుసార్లైనా అదే మనిషి రావాలి. పెట్టె తాళంచెవి పిల్లల దగ్గరే ఉండాలి. హెడ్మాస్టరు గారి బీరువాలో పెడితే పరికరాలు కొత్తగానే ఉంటాయి, వచ్చే ఏడు ఇన్‌స్పెక్షన్‌కు చూపించడానికి పనికొస్తాయి.

డబ్బుకంటే కష్టమైనది మనుషులు దొరకడం. దాతలైన మీ ఇళ్లలోనే బీటెక్, ఎమ్మెస్సీ, డిప్లొమా చదివిన కూతుళ్లు, కోడళ్లు, చెల్లెళ్లు ఉన్నారు. కొందరు ఉద్యోగాల్లో ఉన్నారు, కొందరు పెళ్లయ్యాక మానేశారు. మానేసినవాళ్లు కూడా పనికొస్తారు, చదివింది ఎక్కడికీ పోదు. కంప్యూటర్స్ వాళ్లు ఎలాగూ దొరుకుతారు. ఎలక్ట్రికల్, సివిల్, మెకానికల్, ల్యాబ్ టెక్నాలజీ చదివినవాళ్లు మాకు మరీ అవసరం. ఈసారి విరాళం చెక్కు పంపేటప్పుడు, వాళ్లను అడిగి, ఒప్పుకుంటే వాళ్ల పేరు, చదివిన బ్రాంచి, నెలలో ఏ రెండు ఆదివారాలు తీరిక ఉంటుందో ఒక కాగితం మీద రాసి చెక్కుతోపాటే పంపండి.